రేపేం చేస్తావు?

నాకు రేపంటే భయం. నలభై దాటినవాణ్ణి, పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, పత్రికలో ఈ మాట ఒప్పుకోవడం అంత గౌరవం కాదని తెలుసు. కాని మా ఇంటి గోడలకు కూడా తెలిసిన సంగతిని పాఠకుల దగ్గర దాచడం దేనికి?

రాత్రి పదింటికి పడుకుంటాను. రెండున్నరకు మెలకువ వస్తుంది. ఆ వేళకు వికారాబాదు జంక్షనులో ఏదో ఒక గూడ్సుబండి కదులుతూ ఉంటుంది. అది ఊరు దాటేలోగా నా ఆలోచన పట్టాలెక్కుతుంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. దానికి మంచి కాలేజీలో సీటు రాకపోతే? వస్తే ఫీజు ఎక్కడినుంచి తేవాలి? అప్పుచేసి కట్టాననుకుందాం, అది తీరేలోగా నాకేమైనా అయితే? మొన్న మెట్లెక్కుతుంటే మోకాలు కలుక్కుమన్నది. అది ఒట్టి మోకాలేనా, లోపల ఇంకేమైనానా? ఇలా సీటు దగ్గర బయలుదేరిన బండి తెల్లవారుజామున నాలుగింటికల్లా నా పదోరోజు కర్మ దగ్గరికి చేరుకుంటుంది. వంటకాలతో సహా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

"ఆ వచ్చేదేదో పగటిపూటే వస్తుంది లెండి. రాత్రి రెండున్నరకు మీరు ఎదురెళ్ళి తీసుకురావాలా?" అంటుంది మా ఆవిడ, అటు తిరిగి పడుకుంటూ.

నా చిన్నతనంలో మా వైపు ఒక పుకారు లేచింది. రాత్రిళ్ళు ఒక ఆడదయ్యం వచ్చి, తెలిసినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందట. పలికామా, అంతే సంగతులు. దానికి విరుగుడు, తలుపుమీద 'ఓ స్త్రీ, రేపు రా' అని రాసిపెట్టడం. దయ్యం అది చదువుకుని, సరే రేపు వద్దామని వెళ్ళిపోతుంది. మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుంది. ఊరూరా తలుపులన్నీ ఆ మాటతో నిండిపోయాయి. దయ్యానికి చదువు వచ్చునన్నది ఒక నమ్మకం, చదివినదాన్ని మన్నిస్తుందన్నది రెండో నమ్మకం. ఈ రెండూ ఇప్పుడు నా విద్యార్థుల విషయంలో కూడా నాకు లేవనుకోండి, అది వేరే సంగతి. మా తలుపుమీద బొగ్గుతో రాసింది నేనే. అంత తెలివిగా రేపును చూపించి దయ్యాన్ని సాగనంపినవాణ్ణి, పెద్దయ్యాక ఆ రేపునే దయ్యం చేసుకుని కూర్చున్నాను.

ఉగాదినాడు గుడికి వెళ్ళి పంచాంగశ్రవణం వినడం కూడా మానుకున్నాను. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని చదువుతుంటే, ఆ పన్నెండూ ఎవరి దగ్గర చేబదులు తీసుకోవాలా అని అక్కడే ఆలోచన మొదలవుతుంది. చుట్టూ కూర్చున్నవాళ్ళంతా ఉగాది పచ్చడి నాకుతూ నవ్వుతూనే ఉంటారు.

ఈ మధ్య ఒక పరిశోధన గురించి చదివాను. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వారు చేసినది, 2020లో ప్రకటించారు. అతిగా చింతపడే జబ్బున్న 29 మందిని తీసుకుని, వాళ్ళకు వచ్చిన చింతలన్నీ రాయించారు. తర్వాత ఒక్కొక్కటే తీసి చూసి, ఇది జరిగిందా లేదా అని లెక్క కట్టించారు. నూటికి 91 జరగనేలేదు. జరగలేదని కళ్ళారా చూసుకున్నకొద్దీ వాళ్ళ జబ్బు కూడా కొంత నెమ్మదించిందట.

నేనూ ఒక గీతల నోటుబుక్కు కొన్నాను. నెలరోజులపాటు రెండున్నర గంటల ఆలోచనలన్నీ నంబర్లు వేసి రాశాను. మొత్తం 43 తేలాయి. నెల తిరిగాక చూస్తే అందులో జరిగినవి మూడు. వాటిలో ఒకటి గ్యాసు సిలిండరు నడిమధ్యన అయిపోవడం. మా ఆవిడ ఆ లెక్క చూసి, "ఈ నెలంతా హాయిగా నిద్రపోయినా ఆ మూడూ జరిగేవి గదా" అన్నది. కాదనడానికి నా దగ్గర జవాబు లేదు.

అయితే చింత అంతా వ్యర్థమని తేల్చిపారేయడానికి నాకు మనసొప్పదు. పంచతంత్రంలో మూడు చేపల కథ మీరు చదివే ఉంటారు. జాలరులు రేపు వస్తారని తెలియగానే అనాగతవిధాత ఆ రాత్రే వేరే మడుగుకు వెళ్ళిపోయింది. ప్రత్యుత్పన్నమతి వలలో పడ్డాక చచ్చినట్టు నటించి తప్పించుకుంది. ఏది కావలసి ఉంటే అదే అవుతుందన్న యద్భవిష్యుడు వంటింటికి చేరాడు. ఈ కథ ఏటేటా పిల్లలకు చెబుతూ ఉంటాను. చెప్పినప్పుడల్లా ఇందులో నాలుగో చేప ఒకటి ఉండవలసింది గదా అనిపిస్తుంది. జాలరులు వస్తారని దానికి అందరికన్నా ముందే తెలుసు. కాని మడుగు విడిచిపోదు. రాత్రంతా అందులోనే గుండ్రంగా తిరుగుతూ, తెల్లవారేసరికి అలిసిపోయి ఉంటుంది. ఆ చేపను నేనే.

నిజమైన అనాగతవిధాతను చూడాలంటే మాకు దూరం పోనక్కరలేదు. మా అనంతగిరి కొండల్లోనే మూసీనది పుడుతుంది. అక్కడ దాన్ని చూస్తే నవ్వొస్తుంది, పిల్లవాడు కూడా గెంతి దాటేయగలడు. ఆ పిల్లకాలువే 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచేసింది. 15 వేలమంది దాకా పోయారంటారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూటయాభైమంది దాకా బతికి బయటపడ్డారు. వానాకాలం వస్తుందంటే ఊరంతా గుండెలు చేత పట్టుకుని కూర్చోవలసిన స్థితి. అప్పుడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన వాన లెక్కలూ వాలు లెక్కలూ చూసి, నీళ్ళు ఊరిదాకా రాకముందే పైన ఆపాలన్నారు. 1920 నాటికి మూసీమీద ఉస్మాన్ సాగరు, 1927 నాటికి ఈసీమీద హిమాయత్ సాగరు పూర్తయ్యాయి. ఒక మహానగరం చింత అంతా మట్టీ రాయీ అయి, కట్టగా నిలబడింది. ఆ కట్టలే తర్వాత ఊరికి మంచినీళ్ళు పోశాయి. నా 43 చింతలతో ఒక చిన్న బోదెకు గట్టు కూడా పడలేదు.

ఇంతకూ నేను చెప్పదలచుకున్నది నా చింతల గురించి కాదు. ఆ నెలలో, నా నోటుబుక్కులో ఎక్కడా లేనిది ఒకటి జరిగింది. దాన్ని నేను చూడవలసింది, చూడలేదు. ఆ కథలోని అబ్బాయి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. అతన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆ రోజు డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు క్రియల పాఠం. చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో వర్తమానం, భూతం, భవిష్యత్తులతోపాటు తద్ధర్మమని నాలుగోదాన్ని చెప్పాడు. ఫలానా కాలమని లేకుండా, దాని స్వభావమే అది అని చెప్పే క్రియ. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నట్టు. ఇప్పటి మన మాటల్లోకి వచ్చేసరికి ఒక వింత జరిగింది. "రోజూ వస్తాను" అంటాం, "రేపు వస్తాను" అంటాం. మా వైపు మాటలో "రోజు వస్త, రేపు వస్త". రెండింటికీ ఒకే రూపం. వాడుక తెలుగులో రేపటికంటూ విడిగా ఒక క్రియ లేదు. రోజూ చేసే పనికి ఏ మాటో, రేపు చేయబోయే పనికీ అదే మాట.

వెనక బెంచీనుంచి ఒకడు లేచాడు. "అంటే సార్, రోజు చెయ్యనిది రేపు గూడ చెయ్యమన్నట్టేనా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. స్టాఫ్‌రూముకు వచ్చి కూర్చున్నాక, వాడు మరీ అంత నవ్వవలసిన మాట అనలేదేమో అనిపించింది.

ఆ ఊపులోనే పిల్లలకు ఒక వ్యాసం రాయమని ఇచ్చాను. 'పదేళ్ళ తర్వాత నేను.' నలభై ఒక్కమంది రాశారు. పదకొండుమంది పోలీసు ఉద్యోగంలో ఉంటారు. తొమ్మిదిమంది సాఫ్ట్‌వేరులో ఉంటారు, అందులో ఇద్దరికి ఆ మాట రాయడం రాలేదు. ఒకడు ఎమ్మెల్యే అయి, మా కాలేజీకి గోడ కట్టిస్తాడు. ఒక అమ్మాయి మాత్రం, పదేళ్ళ తర్వాత తనకొక గది ఉంటుందనీ, ఆ గదిలో ఫ్యాను స్విచ్చి తన మంచం పక్కనే ఉంటుందనీ, దాన్ని ఎప్పుడు వేయాలో ఎప్పుడు ఆపాలో తనే చూసుకుంటుందనీ రాసింది. అది చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను.

తాండూరునుంచి రోజూ రైల్లో వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. మాటకారి కాదు, కాని చేతిరాత ముత్యాలకోవ. అతను పేజీన్నర రాశాడు. నాన్న ఉంటే నేను బీయిడీ చదివేవాణ్ణి. మా బస్తీ బళ్ళోనే టీచరునయ్యేవాణ్ణి. అమ్మను పనికి పంపేవాణ్ణి కాదు. ఆమెకు కళ్ళద్దాలు చేయించేవాణ్ణి. ఇదీ ధోరణి. చాలా బాగుందనిపించింది. 'ణ్ణి' రాయవలసిన చోటల్లా 'న్ని' రాశాడు. ఎర్రసిరాతో ఓపికగా అన్నీ దిద్దాను. కింద 'శైలి బాగుంది' అని రాసి, పదికి ఎనిమిది వేశాను.

కాగితాలు పంచిన రోజున అతను రాలేదు. అతనిది నా సంచీలోనే ఉండిపోయింది. ఆ వారం రాలేదు, ఆ తర్వాతి వారమూ రాలేదు. హాజరుపట్టీలో వరసగా సున్నాలు చుట్టుకుంటూ పోయాను. మూడో వారం అతనితో కలిసి రైల్లో వచ్చే పిల్లవాణ్ణి అడిగితే, "బండల యూనిట్ల పనికి పోతుండు సార్. ఫోనెత్తుతలేడు. ఎదురువడితే గూడ మాట్లాడుతలేడు" అన్నాడు.

ఆ రాత్రి రెండున్నరకు నా మామూలు చింతలేవీ రాలేదు. లేచి దీపం వేసుకుని, సంచీలోంచి ఆ కాగితం తీసి మళ్ళీ చదివాను. నా ఎర్రసిరా దిద్దుబాట్లు వరసగా కనిపించాయి. చదివేవాణ్ణి, అయ్యేవాణ్ణి, చేయించేవాణ్ణి. ఆ రూపానికి తెలుగులో రెండే పనులు. ఒకప్పుడు అలవాటుగా చేసి, ఇప్పుడు మానేసినదాన్ని చెప్పడం ఒకటి. జరగవలసి ఉండి, జరగకుండా పోయినదాన్ని చెప్పడం రెండోది. పేజీన్నరలో ఒక్క 'తాను' లేదు. పందొమ్మిదేళ్ళవాణ్ణి పదేళ్ళ తర్వాత ఏమవుతావురా అని అడిగితే, అంతా అయిపోయినట్టు రాసి ఇచ్చాడు. తెలుగులో ఎమ్మే చదివిన నేను ఆ క్రియల చివర ణకారం దిద్దానే గాని, క్రియలేమంటున్నాయో చూడలేదు.

ఈ రేపు అనేది మనసులో ఎలా తయారవుతుందో శాస్త్రజ్ఞులు కొంత కనిపెట్టారు. కెనడాలో ఒకాయనకు 1981లో మోటారుసైకిలు ప్రమాదంలో మెదడు దెబ్బతిన్నది. మాట పోలేదు, తెలివి పోలేదు, చదరంగం ఆడగలడు. కాని తన జీవితంలో జరిగిన ఒక్క సంఘటన కూడా గుర్తు లేదు. ఎండెల్ టుల్వింగ్ అనే మనస్తత్వవేత్త ఆయనను నిన్న గురించి కాక, రేపేం చేస్తావని అడిగాడు. అక్కడా ఖాళీయే. నిన్న లేనివాడికి రేపూ లేకపోయింది. 2007లో లండనులో డెమిస్ హసాబిస్ బృందం జ్ఞాపకశక్తి పోయిన మరికొందరిని పరీక్షించి, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా జరగనిదాన్ని కూడా సరిగా ఊహించుకోలేరని చూపించింది. (ఈ హసాబిస్‌కే 2024లో వేరే పనికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది.) అంటే రేపును మనం గాలిలోంచి కట్టం. నిన్నటి ఇటుకలు పీకి కడతాం. నాన్న ఉన్న నిన్నలతోనే ఆ అబ్బాయి తన రేపును కట్టుకున్నాడు. నాన్న పోయాడు, ఇటుకలూ పోయాయి.

ఇంకో సంగతి ఉంది. దీన్ని తల్లిదండ్రులు తెలుసుకోవడం మంచిదనుకుంటాను. అమెరికాలో ఆరన్ బెక్ అనే డాక్టరు 1974లో ఇరవై వాక్యాలతో ఒక కొలబద్ద తయారుచేశాడు. అది దుఃఖాన్ని కొలిచేది కాదు, రాబోయేదానిమీద ఆశ ఎంత అడుగంటిందో కొలిచేది. ప్రాణం తీసుకునే ప్రమాదం ఎవరికి ఎక్కువో దుఃఖం కన్నా ఈ నిరాశే బాగా చెబుతుందని ఆయన పరిశోధనల్లో తేలింది. తర్వాత 1990ల్లో ఇంగ్లండులో ఆండ్రూ మాక్లౌడ్ మరో మెట్టు ముందుకు వెళ్ళాడు. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ళను కూర్చోబెట్టి, దగ్గరి గడువులూ దూరపు గడువులూ పెట్టి, ఆలోగా మీకు జరగబోయే మంచి ఏమిటి, చెడు ఏమిటి చెప్పండి అని అడిగాడు. చెడ్డవి చెప్పడంలో వాళ్ళు అందరిలాంటివాళ్ళే. మంచివి చెప్పవలసి వచ్చేసరికి మాత్రం మాటలు అయిపోయేవి.

అది చదివి నేను నివ్వెరపోయాను. ఎందుకంటే, నాలాంటి పిరికివాళ్ళదే అసలు ప్రమాదమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నా రేపు నిండా దయ్యాలే కావచ్చు, కాని కిటకిటలాడుతూ ఉంటుంది. అందులో అమ్మాయి పెళ్ళి కూడా ఉంది, గృహప్రవేశం కూడా ఉంది. అసలు భయపడవలసింది రేపు ఖాళీగా ఉన్నవాడి గురించి.

2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చాక, కొద్దిరోజుల్లోనే ఇరవైమంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వేసవిలో ఏ ఇంట్లో చూసినా ఆ మాటే. ఆ తర్వాత తప్పినవాళ్ళందరి మార్కులూ ఉచితంగా మళ్ళీ లెక్కించారు, వెయ్యిమందికి పైగా పాసయ్యారు. లెక్కల సంగతి పోనివ్వండి, నిజంగా తప్పినవాళ్ళకు కూడా రెండు నెలల్లో సప్లిమెంటరీ పరీక్ష ఉంది. జూన్ నెల క్యాలెండరులో ఉన్నది. ఆ పిల్లల మనసులో లేకుండా పోయింది. 'ఇంత చిన్నదానికా' అని అప్పుడు స్టాఫ్‌రూములో అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే తాండూరు బండి ఎక్కాను. నలభై కిలోమీటర్ల దారి. 1874లో వేసిన పాత లైను అది, సికింద్రాబాదునుంచి వాడీ దాకా. ధారూరు దాటినప్పటినుంచీ నేల రంగు మారుతుంది. నవంబరు నెల గనుక కంది చేలు పసుపుపచ్చని పూతమీద ఉన్నాయి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చినా రాకపోయినా పప్పు తెలిసినవాళ్ళకు దాని రుచి తెలుసు. పెసర వేసినవాడు రెండున్నర నెలల్లో కోసుకుంటాడు. కంది వేసినవాడు తొలకరికి విత్తి, దసరా దీపావళి దాటించి, సంక్రాంతి దగ్గర పడేదాకా ఆగాలి. కిటికీలోంచి ఆ పూత చూస్తూ, అతనితో ఏం మాట్లాడాలా అని వాక్యాలు తయారుచేసుకున్నాను. రుక్మాపూరు వచ్చేసరికి ఆ వాక్యాలన్నీ నాకే ఉపన్యాసంలా వినిపించాయి.

తాండూరులో దిగితే నాపరాయి వాసన వస్తుంది. రాతికి వాసనేమిటని అడక్కండి, కోసిన తడిరాయికి ఉంటుంది. దారి పొడుగునా నీలం బండలూ పసుపు బండలూ దొంతరలు, వాటి పక్కన తెల్లటి రాతి బురద. తెలుగులో ఒకణ్ణి దారి అడిగితే ఉర్దూలో చెప్పాడు, పక్కవాడు కన్నడంలో సరిదిద్దాడు. ఇల్లు దొరికింది.

అబ్బాయి ఇంకా పనినుంచి రాలేదు. ఆదివారం కూడా పనే. వాళ్ళమ్మ కుర్చీ తుడిచి వేసింది. నన్ను చూసి, ఏం తప్పు చేశాడోనని భయపడ్డది. కాదమ్మా, ఊరికే వచ్చానన్నాను.

"గిన్నె ముందట వెట్టుకొని కూసుంటడు సార్, తినడు. రాత్రంత కండ్లు తెరిసే ఉంటడు. ఏమైంది బిడ్డా అంటే ఏం లేదంటడు. మొన్న ఆని పుస్తకాలన్ని కట్టగట్టి పక్కింటి పోరగానికి ఇచ్చిండు."

పుస్తకాలిచ్చేశాడన్న మాట వినగానే నాకు ఒళ్ళు చల్లబడింది.

అతను వచ్చాడు. మోకాళ్ళదాకా తెల్లటి బురద. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. కాళ్ళు కడుక్కుని వచ్చాక ఇద్దరం బయట అరుగుమీద కూర్చున్నాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, నేను తయారుచేసుకున్న వాక్యాలన్నీ వదిలేసి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని అడిగాను.

అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన పెద్దలకొక భయం. అది నిజం కాదనీ, అడిగినందువల్ల ఎవరికీ ఆ ఆలోచన పెరగదనీ పరిశోధనలు చెబుతున్నాయి. అయినా నా గొంతు వణికింది.

అతను కాళ్ళవంక చూసుకుంటూ, "అప్పుడప్పుడు సార్" అన్నాడు. లోపల వాళ్ళమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగినవి చకచకా చెప్పేస్తాను. 2022నుంచి మన దేశంలో టెలీ మానస్ అని ఒక ఫోను నంబరు ఉంది, 14416. డబ్బులక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. ఆ అరుగుమీదనుంచే చేశాం. వాళ్ళు అతనితోనూ మాట్లాడారు, వాళ్ళమ్మతోనూ మాట్లాడారు. రెండోనాడు ఆమె పని మానుకుని, కొడుకును వెంటబెట్టుకుని సర్కారు దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరు మందులిచ్చి, పదిహేను రోజులకొకసారి రమ్మన్నాడు. ఆ రాత్రులు ఆమె అతని మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. వీటిలో నా గొప్ప ఏమీ లేదు.

కాని అరుగుమీద ఇంకొకటి జరిగింది. మాక్లౌడ్ ప్రశ్న గుర్తొచ్చి, "ఈ వారంలో నీకు జరగబోయే మంచి ఒకటి చెప్పు" అన్నాను. ఆలోచించాడు. మర్యాదకోసమైనా ఏదో ఒకటి చెబుదామని వెతుకుతున్నట్టు ముఖం పెట్టాడు. దొరకలేదు. ఈ నెలలో? తల అడ్డంగా ఊపాడు. బీయిడీ గురించీ, టీచరు ఉద్యోగం గురించీ ఎత్తుదామనుకుని మింగేశాను. ఖాళీ గదిలోకి ఒకేసారి బీరువా ఎత్తుకుపోతే ఏం పడుతుంది?

నా కళ్ళెదుట రాళ్ళ దొంతర ఉంది. "నాకొక రాయి కావాలిరా" అన్నాను. "నా బల్లమీద కాగితాలు ఫ్యాను గాలికి ఎగిరిపోతున్నాయి. పైన బరువు పెట్టడానికి ఒక ముక్క చేసిపెడతావా?"

తలెత్తాడు. "ఎంత సైజు సార్?"

"అరచెయ్యంత."

"నీలందా, పసుపుదా?"

"నీకు ఏది బాగుంటుందనిపిస్తే అది."

కొంచెం ఆలోచించాడు. "మూలలు నున్నగ అరగదియ్యాలె సార్. లేకుంటే చెయ్యి కోస్తది." మళ్ళీ కాసేపు ఆగి, "సోమవారం తెస్త" అన్నాడు.

ఆ క్రియ చివరను నేను ఈసారి విన్నాను.

సోమవారం అతను రాలేదు. ఆ రోజంతా నేనెలా ఉన్నానో చెప్పను. నోటుబుక్కులో 44 అని నంబరు వేసి, ఎదురుగా ఏమీ రాయలేకపోయాను. దవాఖానాలో చీటీల వరస పెద్దదై సాయంత్రం అయిందట. బుధవారం వచ్చాడు. జేబురుమాల్లో చుట్టిన రాయి తీసి బల్లమీద పెట్టాడు. నీలం రాయి. మూడు మూలలు నున్నగా ఉన్నాయి. నేను చేతిలోకి తీసుకోబోతే తనే వెనక్కి లాక్కున్నాడు.

"ఈ మూల ఇంక అరగలే సార్. మల్ల తెస్త."

అప్పటికి ఏడాది కావస్తోంది. అతను పూర్తిగా బాగయ్యాడని రాయలేను. కొన్ని వారాలు ముఖం మళ్ళీ మబ్బు పడుతుంది, మందులు ఇంకా నడుస్తున్నాయి, రెండు పేపర్లు మిగిలిపోయాయి. పుస్తకాలు మాత్రం పక్కింటివాడి దగ్గరనుంచి తిరిగి తెచ్చుకున్నాడు. ఆ వ్యాసం కాగితం ఇస్తే, చూసి, మార్కులు ఎక్కువేశానన్నాడు. నాకు ఇప్పటికీ రెండున్నరకు మెలకువ వస్తూనే ఉంది.

రాయి ఇంకా నా బల్లమీదికి రాలేదు. మధ్యలో ఒకసారి పసుపురాయి అయితే బాగుంటుందని మొదటినుంచీ మొదలుపెట్టాడు. అడిగినప్పుడల్లా, "రేపు తెస్త సార్" అంటాడు. నా కాగితాలు ఫ్యాను గాలికి ఎగురుతూనే ఉన్నాయి. సరే, రేపు తే అంటాను.